మొదటి రోజు నడక

సెత్ గార్బట్ ఎడమ భుజం కుడి భుజం కంటే రెండంగుళాలు కిందికి ఉండేది. పుట్టుకతో వచ్చింది కాదు. పదిహేడేళ్లు నిచ్చెన మోసి మోసి దిగిపోయిన భుజం అది.

యార్క్ పట్నంలో గోడలకు పూల కాగితాలు అంటించడం అతని వృత్తి. పొద్దున్నే భుజాన నిచ్చెన, కుడిచేతిలో మైదా జిగురు బకెట్, నడుముకు పొడుగాటి కత్తెర పెట్టుకుని బిషప్‌థార్ప్ రోడ్డు వెంట వస్తుంటే గాలివాటుకు ఒరిగిన పడవలా ఉండేవాడు. కూతురు జీన్ కిటికీలోంచి చూసి, మొహం ఆనవాలు కట్టకముందే "నాన్న" అని చెప్పేసేది.

ఆ పనిలో అతనికి నచ్చింది అంటించడం కాదు, గీకడం. కొత్త కాగితం వెయ్యాలంటే ముందు పాతది తియ్యాలి. పాత ఇళ్లలో ఆరేడు పొరలుంటాయి. గులాబీల కింద చిలకలు, చిలకల కింద చారలు, చారల కింద ఎవరో పసివాడు పెన్సిలుతో గీసిన బాతు. "ఈ గదిలో మీకంటే ముందు ఎవరుండేవారమ్మా? ఈ బాతు గీసినవాడు ఇప్పుడేం చేస్తున్నాడంటారు?" అని ఇంటావిడను అడిగేవాడు. కొందరు టీ ఇచ్చి, కూర్చోబెట్టి, తెలిసిందంతా చెప్పేవాళ్లు. కొందరు "గోడ సంగతి చూడవయ్యా" అనేవాళ్లు. భార్య హెట్టీ మాత్రం, "నీకీ పని పోయినా బెంగలేదు. పోలీసుల్లో చేరొచ్చు. అడిగిందే అడగడం వాళ్లకి కావాలి" అనేది.

పని నిజంగానే పోయింది. యుద్ధం వచ్చి ఏడాది తిరిగేసరికి గోడకు అంటించడానికి కాగితమే దొరకలేదు. 1940 ఆకురాలే కాలంలో అతని ఈడు మగవాళ్లందరినీ సైన్యంలోకి రమ్మంటూ తాఖీదులు వచ్చాయి. సెత్‌కు అప్పటికి ముప్పై రెండేళ్లు. తుపాకీని దుకాణం అద్దాల వెనక తప్ప చూసి ఎరగడు. వైద్య పరీక్షలో డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొడితే కాలు దానంతటదే ఎగిరింది.

"ఎందుకు ఎగిరింది సార్?" అన్నాడు సెత్.

"తెలుసుకుని ఏం చేస్తావు?"

"ఏమీ చెయ్యను సార్. తెలుసుకుందామనే."

డాక్టరు అతని వంక కళ్లజోడు పైనుంచి చూసి, 'పనికొస్తాడు' అని రాసుకున్నాడు.

రైలు స్టేషన్లో హెట్టీ ఏడవలేదు. రొట్టె ముక్కల పొట్లం చేతిలో పెట్టి, కోటు కాలరు సర్ది, "అక్కడ ఎవర్నీ ఏమీ అడక్కు. అడిగేవాళ్లని ముందు వరసలో నిలబెడతారట" అంది.

"ఎవరు చెప్పారు?"

"అదిగో. మొదలెట్టావు" అని అప్పుడు నవ్వింది. ఆ నవ్వు ముగిసేలోగా రైలు కదిలింది.

పెన్నైన్ కొండల అంచున, గాలి తప్ప మరేమీ నిలబడని బంజరులో ఉంది శిబిరం. రేకుల గుడిసెలు, బురద, మళ్లీ రేకుల గుడిసెలు. సెత్‌తో పాటు ఆ దళంలో ఇరవై ఎనిమిది మంది. ఒకడు బస్సు కండక్టరు, ఒకడు లీడ్స్‌లో దర్జీ, ఒకడు పోస్టుమాన్, ఒకడు ఎరువుల కంపెనీలో గుమాస్తా. సెత్ పక్క మంచం క్లెమ్ హోయిల్‌ది. హల్ రేవులో తల్లీకొడుకులిద్దరూ కలిసి చేపలూ ఆలుగడ్డలూ వేయించి అమ్మే కొట్టు నడిపేవారు. ముప్పయ్యేళ్లవాడు, గుండ్రటి మొహం, ఎంత కడిగినా పోని కొవ్వు వాసన. ఏడవాల్సిన చోటా నవ్వే రకం.

వాళ్లను తీర్చిదిద్దడానికి వచ్చినవాడు సార్జెంట్ డగ్గన్. పాతికేళ్ల సర్వీసు, చంకలో బెత్తం, కంచులాంటి గొంతు. మొదటి రోజు కవాతు మైదానంలో వాళ్లను ఒక్క చుట్టు నడిపించి, ఆగమని, ఒక్కొక్కర్నీ తలనుంచి కాళ్లదాకా చూశాడు.

"హోయిల్," అన్నాడు చివరికి, "ఆ చేతులేంటయ్యా ఒంటికి తగలకుండా? చంకల్లో కోడిపిల్లల్ని పెంచుతున్నావా?"

"లేదు సార్. అలవాటు సార్. రోజంతా రెండు చేతులా ఆలుగడ్డల బకెట్లు."

"నేనడిగానా? గార్బట్, నీ ఎడమ భుజానికేమైంది? పుట్టుకతోనా, పెళ్లయ్యాకా?"

వరసంతా నవ్వింది. సెత్ నవ్వలేదు. ఆ ప్రశ్న ఎందుకు వేశాడా అని ఆలోచిస్తున్నాడు. అప్పటిదాకా తన భుజం కిందికి ఉందని అతనికే తెలియదు.

నెల తిరగకుండానే అతను డగ్గన్ కంట్లో నలుసై కూర్చున్నాడు. ఒకరోజు తనిఖీలో బూట్లు తిరగేసి చూపించమన్నారు. అడుగున కూడా నల్లగా నిగనిగలాడాలి.

"సార్, ఒక సందేహం. అడుగున పాలిష్ ఎందుకు సార్? నేల మీద పెట్టగానే పోతుంది కదా."

డగ్గన్ బెత్తంతో ఆ బూటు అడుగును తట్టాడు.

"నేను చెప్పాను కాబట్టి."

"అది తెలుసు సార్. మీకెవరు చెప్పారా అని."

ఆ ఒక్క మాటకు వారం రోజులు వంటశాలలో ఆలుగడ్డల తొక్క తీసే శిక్ష పడింది. అదృష్టమేమిటంటే, అదే వారం వరసలో నవ్వినందుకు క్లెమ్‌కూ అదే శిక్ష. సెత్ తొక్క తీసే పద్ధతి చూసి క్లెమ్ తల పట్టుకున్నాడు.

"ఒరేయ్, మా అమ్మ చూసిందంటే నిన్ను కొట్టు గుమ్మం కూడా ఎక్కనివ్వదు. దుంపంతా తొక్కలోనే పోయింది. ఇటివ్వు." క్లెమ్ చేతిలో దుంప దానంతటదే తిరిగేది, తొక్క రిబ్బను లాగా ఊడి వచ్చేది. సెత్ దుంపలు పక్కన పెట్టి ఆ వేళ్ల కదలికే చూస్తూ కూర్చున్నాడు. కొవ్వు ఎంత కాగాక దుంప వెయ్యాలి, ఎలా తెలుస్తుంది, గొడ్డుకొవ్వే ఎందుకు, నూనె ఎందుకు కాదు, చేప తాజాదని కన్ను చూసి చెబుతారా వాసన చూసి చెబుతారా... అడుగుతూనే ఉన్నాడు. క్లెమ్ చెబుతూనే ఉన్నాడు. తన పని గురించి ఇన్ని అడిగినవాడు వాడికి పుట్టాక తగల్లేదు. వారం తిరిగేసరికి ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు.

మార్పు ఎప్పుడు వచ్చిందో సెత్‌కు తెలియదు. మడమ ఎప్పుడు మిగతా యాభై మడమలతో కలిసి నేలను తాకడం మొదలుపెట్టిందో, భుజం ఎప్పుడు లేచి నిలబడిందో. మొదటిసారి సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు హెట్టీ స్టేషన్లో అతని పక్కనుంచే దాటిపోయి, వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరో అనుకున్నాను," అంది. "మనిషివి నువ్వే. నడకే వేరేవాళ్లది."

జీన్ అతని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, చెయ్యి పట్టుకుంది.

రెండున్నరేళ్లు ఇంగ్లండులోనే గడిచాయి. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి మార్చారు. సముద్రం వైపు చూస్తూ నిలబడడం, ముళ్లతీగ వెయ్యడం, వేసిన తీగ తియ్యడం. యార్క్ మీద బాంబులు పడ్డ వారం సెత్ ఊరికి నూటయాభై మైళ్ల దూరంలో ఖాళీ ఇసుకకు కాపలా కాస్తున్నాడు. హెట్టీ రాసింది: 'పై గది కిటికీలు పోయాయి, మేం క్షేమం. పక్కింటి గోడ చీలింది, లోపల నాలుగు రంగుల కాగితం కనబడుతోంది. నీకు చూడాలని ఉంటుందని రాస్తున్నాను.'

అప్పుడు, 1943 వసంతంలో, వాళ్ల దళం దక్షిణాన ఒక పెద్ద శిబిరంలో ఉండగా, సినిమావాళ్లు వచ్చారు.

మామూలు మనుషుల్ని పట్టుకొచ్చి సైనికుల్ని ఎలా చేస్తారో చెప్పే కథట. యుద్ధశాఖే తీయమన్నదట. ముందు నిలబడే ఆరేడుగురూ పేరున్న నటులు. వెనక వరసల్లో మాత్రం నిజం మనుషులు కావాలి. ఆ అవకాశం డగ్గన్ దళానికి వచ్చింది. క్లెమ్ ఆ పొద్దున రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

"ఏ పక్కనుంచి బావుంటానో చెప్పరా. నిజం చెప్పు."

"వెనకనుంచి," అన్నాడు దర్జీ.

దర్శకుడి పేరు లోరిమర్. సన్నగా, పొడుగ్గా, మెడకు ఉన్ని గుడ్డ చుట్టుకుని, ఎండలో కూడా గొడుగు పట్టుకు తిరిగే మనిషి. ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. అందరికీ పాత కోట్లూ టోపీలూ ఇప్పించి, చేతికి తలా ఒక చిన్న పెట్టె ఇచ్చి, "ఇది మీ మొదటి రోజు. ఇంటినుంచి ఇప్పుడే వచ్చారు. మీకింకా ఏమీ రాదు. ఊరికే అలా నడవండి" అన్నాడు.

నడిచారు. పెట్టెలు దించి వరస కట్టమనగానే ఇరవై ఎనిమిది జతల మడమలు ఒక్కటిగా టక్కుమన్నాయి.

"చాలా బాగుంది," అన్నాడు లోరిమర్ మర్యాదగా. "ఇది ఆఖరి రోజుకు పనికొస్తుంది. మొదటి రోజు కావాలి నాకు."

రెండోసారి నడవడం రానట్టు నటించారు. ఒకడు పక్కవాడి కాలు తొక్కాడు. బస్సు కండక్టరు ఎదురు దిక్కుకు తిరిగాడు. క్లెమ్ పెట్టె మీద పడి దొర్లాడు.

"సర్కసు వేరే ఊళ్లో ఉంది," అన్నాడు లోరిమర్.

మధ్యాహ్నం దాకా అదే తంతు. బాగా నడిస్తే సైన్యంలా ఉంది, చెడగొడితే విదూషకుల్లా ఉంది. మధ్యలో ఉండాల్సిన ఆ మామూలు మనిషి ఎక్కడికి పోయాడో ఎవరికీ అంతుబట్టలేదు. పక్కన నిలబడి చూస్తున్న డగ్గన్ మొహంలో గర్వం, ఇబ్బంది ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.

"రెండున్నరేళ్లు పట్టిందండీ నాకు," అన్నాడు దర్శకుడితో. "ఒక్క పూటలో విప్పెయ్యమంటే ఎలాగండీ?"

మబ్బు పట్టడంతో ఆ రోజుకు ఆపేశారు. మిగతావాళ్లు టీకి పోయారు. సెత్ గుడిసె వెనక్కి పోయి ఒంటరిగా నడవడం మొదలుపెట్టాడు. అతనికిది సినిమా గొడవగా లేదు. తన ఒంట్లో పదిహేడేళ్లు ఉన్నది రెండేళ్లలో ఎలా పోతుంది? పోతే ఎక్కడికి పోతుంది? భుజం కావాలని దించి నడిచాడు. కుంటివాణ్ణి వెక్కిరిస్తున్నట్టుంది. కాళ్లు ఈడ్చాడు. తాగినవాడిలా ఉంది. ఎంత తప్పుగా నడుద్దామన్నా లోపలినుంచి ఎవరో ఒకటీ రెండూ లెక్క పెడుతూనే ఉన్నారు.

"ఏం పారేసుకున్నావురా?" టీ కప్పుతో వచ్చాడు క్లెమ్.

"నా నడక. నువ్వు చూశావు కదా మొదటి రోజు. ఎలా ఉండేది?"

"దరిద్రంగా ఉండేది. ఇంకేం చెప్పను?"

సినిమా వడ్రంగులు గోడకు ఆనించి పోయిన నిచ్చెన ఒకటి అక్కడుంది. సెత్ దానివైపు కాసేపు చూశాడు. తర్వాత వెళ్లి భుజానికెత్తుకున్నాడు. ఎత్తుకోగానే ఏమీ కాలేదు. పది అడుగులు వేశాక కుడి తుంటి తనంతట తాను బయటికి వచ్చింది. ఇరవై అడుగులకు మెడ పక్కకు వంగింది. కుడిచేతిలో ఏదో లేనట్టనిపించి క్లెమ్‌ను అడిగి మంటలు ఆర్పడానికి పెట్టిన ఇసుక బకెట్ తెప్పించుకున్నాడు. అలా అరగంట గుడిసె చుట్టూ తిరిగి, నిచ్చెనా బకెట్టూ కింద పెట్టి, ఖాళీ చేతులతో నడిచాడు.

క్లెమ్ చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది.

"అదే," అన్నాడు మెల్లగా. "అచ్చం అదే. పడవ."

"ఎన్ని అడుగులు నిలిచింది?"

"ఏమో. ఆ స్తంభం దాకా."

సెత్ వెనక్కి వెళ్లి అడుగులు కొలిచాడు. డెబ్బై. ఆ తర్వాత వెన్ను మళ్లీ కర్రలా లేచింది. ఇంకోసారి ఎత్తుకుని, ఇంకోసారి దించి, మళ్లీ కొలిచాడు. డెబ్బై నాలుగు. ఈలోపు క్లెమ్ ఇంకో బకెట్ వెతుక్కొచ్చి, రెండు చేతులా రెండు పట్టుకుని తన వంతు మొదలెట్టాడు.

మర్నాడు పొద్దున్నే సెత్ డగ్గన్ ముందు నిలబడ్డాడు.

"సార్, ఒకటి అడగొచ్చా?"

"వద్దంటే మానేస్తావా?"

సెత్ చెప్పాడు. డగ్గన్ మధ్యలో ఆపలేదు. విన్నాక బెత్తంతో బూటు అంచును రెండుసార్లు కొట్టుకుని, లోరిమర్ దగ్గరికి నడిచాడు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. లోరిమర్ గొడుగు మూసి, సెత్ వైపు చూసి, టోపీ అంచు తాకాడు.

ఆ పూట ఆ మైదానం చూసినవాళ్లు ఏ పిచ్చాసుపత్రో అనుకుని ఉండాలి. పోస్టుమాన్ నిండు సంచీ ఒక భుజాన వేసుకుని గుడిసె గుడిసెకూ తిరుగుతున్నాడు. దర్జీ బల్లమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఎవరిదో చినిగిన కోటు కుడుతున్నాడు. కండక్టరును లారీ వెనక నిలబెట్టి గతుకుల్లో తిప్పుతున్నారు. వాడు చెయ్యి పట్టుకోకుండా ఊగుతూ లేని టిక్కెట్లు కొడుతున్నాడు. గుమాస్తాకు లెడ్జరు దొరక్కపోతే వంటశాల పుస్తకం ఇచ్చారు. క్లెమ్ నిజమైన ఆలుగడ్డలే కావాలని పట్టుబట్టి, రెండు బకెట్లతో మెట్లెక్కి దిగుతూ, "దారి, దారి, కాలుతుంది" అని అరుస్తున్నాడు. గంటసేపు అలా సాగింది. మొదటి పావుగంట అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. ఎవరి పనిలో వాళ్లు పడిపోయారు.

విజిల్ మోగింది. చేతిలోవి ఎక్కడివక్కడే దించి పరుగెత్తుకొచ్చి వరస కట్టారు. డగ్గన్ ముందుకొచ్చాడు. ఏమనాలో అతనికి కాగితం మీద రాసిచ్చారు గానీ, ఆ వరసను చూడగానే రాసిచ్చింది మరచిపోయాడు. ఆ భుజాలు, ఆ మెడలు, ఆ పొట్టలు. రెండున్నరేళ్ల కిందట చలిగాలిలో నిలబడ్డ మనుషులు తిరిగి వచ్చినట్టే ఉంది.

"నడవండి," అని అరిచి, నాలుగడుగులు పక్కన నడిచి, "హోయిల్, ఆ చంకల్లో ఏంటయ్యా, కోడిపిల్లలా?" అన్నాడు.

క్లెమ్ నవ్వాడు. మొహమంతా, పళ్లన్నీ కనబడేలా, తలెత్తి, కెమెరా ఉన్నదన్న స్పృహే లేకుండా నవ్వాడు. డెబ్బై అడుగులు పూర్తయ్యేలోపు లోరిమర్ చెయ్యెత్తి ఆపించాడు.

"ఇంకోసారి తీద్దామా?" అని అడిగాడు కెమెరా మనిషి.

"వద్దు," అన్నాడు లోరిమర్.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సందడి ఉంటుందనుకున్నాడు సెత్. లేదు. దర్జీ కంచం ముట్టకుండా కూర్చున్నాడు. "నా కొట్టు కిటికీలోంచి ఎండ ఎలా పడుతుందో రెండేళ్లుగా ఒక్కసారి గుర్తు రాలేదు," అన్నాడు ఎవరితోనూ కాకుండా. క్లెమ్ తల్లికి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. అప్పటిదాకా వాడెప్పుడూ నాలుగు వాక్యాలు దాటి రాయలేదు. మూడు రోజులపాటు దళం కవాతు అడ్డదిడ్డంగా నడిచింది. డగ్గన్ తిట్టాల్సినంత తిట్టలేదు.

నాలుగో రోజు సెత్ బూట్లు తుడుచుకుంటుంటే డగ్గన్ వచ్చి ఎదురుగా పెట్టె మీద కూర్చున్నాడు. అలా కూర్చోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"అడుగు," అన్నాడు. "నీ కడుపులో ఏదో ఉంది. నాలుగు రోజులుగా చూస్తున్నాను."

"పాతది పోలేదని తెలిసింది సార్. బానే ఉంది. మరి మేం ఇళ్లకి పోయాక ఇది కూడా పోదా సార్? మీరు నేర్పింది?"

డగ్గన్ బెత్తం ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. "నేను సైన్యంలో చేరకముందు మా మామయ్య దగ్గర గుర్రాలకు నాడాలు కొట్టేవాణ్ణి. పద్నాలుగేళ్లప్పుడు. మొన్న మీరంతా అలా తిరుగుతుంటే, నేనూ చూద్దామని, శిబిరంలోని పాత గుర్రాల లాయం వెనక్కి పోయి సుత్తి పట్టుకున్నాను. గుర్రం కాలు ఒళ్లో పెట్టుకుని ఎలా వంగేవాణ్ణో." ఆగాడు. "రాలేదు గార్బట్. అరగంట చూశాను. ఏమీ రాలేదు."

సెత్ బూటు గుడ్డ పక్కన పెట్టాడు. జీవితంలో మొదటిసారి ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగింది.

డగ్గన్ లేచి నిలబడ్డాడు. "ఇంకొకటి. బూటు అడుగున పాలిష్ ఎందుకో నాకూ తెలీదు. పంతొమ్మిది వందల పదిహేడులో నాకు చెప్పారు. మళ్లీ వరసలో అడిగావంటే ఆలుగడ్డలే." అని వెళ్లిపోయాడు.

ఆ ఏడాది చివర్లో దళాన్ని ఓడెక్కించి ఇటలీకి పంపారు. అక్కడ జరిగినదాని గురించి సెత్ తర్వాత ఎవరికీ పెద్దగా చెప్పలేదు. కొండలు, వాన, నదులు; ఒక నది దాటితే ఇంకో నది. గుమాస్తా మొదటి నెలలోనే పోయాడు. డగ్గన్‌కు మోకాలు పగిలి ఇంటికి పంపేశారు. 1944 సెప్టెంబరులో ఒక నది ఒడ్డున, మధ్యాహ్నం వేళ, నీళ్లు తేవడానికి పోయిన క్లెమ్ తిరిగి రాలేదు. రెండు డబ్బాలూ పక్కపక్కనే నిలబెట్టి ఉన్నాయి. ఒకదాంట్లో నీళ్లు ఇంకా నిండుగానే ఉన్నాయి. వాణ్ణి మోసుకొచ్చిన నలుగురిలో సెత్ ఒకడు.

మూడు వారాల తర్వాత హెట్టీ ఉత్తరం అందింది. చాలాకాలం తిరిగి తిరిగి వచ్చింది.

'మన ఊళ్లో సినిమా పడింది. శనివారం జీన్‌నీ అమ్మనీ తీసుకుని వెళ్లాను. ముందు గంటసేపు నువ్వెక్కడా లేవు. పేరున్న వాళ్లంతా మాట్లాడుతూనే ఉన్నారు. అమ్మ నిద్రపోయింది. అప్పుడు మైదానం వచ్చింది. నేను వెతుక్కునే లోపే జీన్ గట్టిగా "నాన్న" అంది. ముందు వరసవాళ్లు తిరిగి చూశారు. నాకు కోపం వచ్చింది సెత్, ఎందుకో తెలీదు. వాళ్లు నిన్ను మార్చేశారనుకుని ఏడ్చిన రోజులున్నాయి. మారలేదన్నమాట. ఎలా దాచావు? నీ పక్కన నవ్వుతున్నాడే గుండ్రటి మొహం, ఆయనేనా క్లెమ్? హాలంతా ఆయనతో పాటే నవ్వింది. ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పు.'

సెత్ దానికి జవాబు రాయడానికి రెండు రోజులు కూర్చున్నాడు. చివరికి మిగతావన్నీ రాసి, అడుగున 'చెప్పాను' అని ఒక్క మాట చేర్చాడు. అబద్ధమని తెలుసు. నిజం ఉత్తరంలో రాస్తే ఆ నవ్వు హెట్టీకి కూడా పోతుందనిపించింది.

1946 ఫిబ్రవరిలో ఇల్లు చేరాడు. ప్రభుత్వం ఇచ్చిన కొత్త సూటు తొడుక్కుని వంటగదిలో కూర్చుని, మొదటి సాయంత్రమే హెట్టీకి అంతా చెప్పాడు. ఆమె అబద్ధం గురించి ఏమీ అనలేదు. "వాళ్లమ్మ దగ్గరికి వెళ్లావా?" అని మాత్రం అడిగింది.

ఆ శనివారమే హల్ వెళ్లాడు. రేవు వీధిలో సగం ఇళ్లు లేవు. ఉన్న ఇళ్ల మధ్య పళ్లు ఊడిన చిగుళ్లలా ఖాళీలు. హోయిల్ కొట్టు కిటికీకి అద్దం బదులు చెక్కలు కొట్టి ఉన్నాయి గానీ గొట్టంలోంచి పొగ వస్తోంది. జనం వరస కట్టి ఉన్నారు. సెత్ కూడా వరసలో నిలబడ్డాడు. తన వంతు వచ్చేసరికి ఏం అడగాలో తెలియక నిలబడిపోయాడు. గల్లా వెనక పొట్టి మనిషి, తలకు గుడ్డ కట్టుకుని, చేతులు మోచేతుల దాకా ఎర్రబడి, అతని మొహంలోకి చూసింది.

"నువ్వు ఒరిగి నడిచేవాడివి కదూ," అంది. "లోపలికి రా నాయనా. ఈ వరస అవ్వనీ."

వెనక గదిలో అరగంట కూర్చున్నాడు. ఆవిడ కొట్టు మూసి, చేతులు తుడుచుకుని, అతని ముందు చేప ముక్క పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఎలా పోయాడో చెప్పడానికి వస్తే ఆ మాట వద్దు. ఆఫీసరు రాశాడు. నాకు వేరేది కావాలి."

"అడగండమ్మా."

"ఎందుకు నవ్వాడు?"

సెత్ తినడం ఆపాడు.

"ఆ సినిమా పదకొండుసార్లు చూశాను. ఇక్కడ తీసేస్తే పక్క ఊరు బెవర్లీ పోయి చూశాను. ఆ సార్జెంటు నోరు కదులుతుంది, ఏదో అంటాడు, మాట వినబడదు, దాని మీద బాజాలు వాయించారు. మా వాడు నవ్వుతాడు. ఏమన్నాడా అని రెండేళ్లుగా అందర్నీ అడుగుతున్నాను. ఎవరికి తెలుస్తుంది?"

"కోడిపిల్లలు," అన్నాడు సెత్. "చంకల్లో కోడిపిల్లల్ని పెంచుతున్నావా అన్నాడు."

ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. అచ్చం కొడుకు నవ్వే. నవ్వుతూనే ఏప్రాను ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు తియ్యలేదు. తీశాక, "వాడికి పదేళ్లప్పటినుంచీ చెబుతూనే ఉన్నాను, చేతులు దగ్గర పెట్టుకో అని," అంది. "సరే. ఇప్పుడు చెప్పు. వాడి వెనక ఆ పొడుగాయన ఎవరు? ఆ రోజు తినడానికి ఏం పెట్టారు మీకు? ఆ పాత కోటు ఎవరిది, వాడికి పట్టదే?"

అంతలా అడిగేవాళ్లు సెత్‌కు అంతకుముందు తగల్లేదు. దర్జీ సంగతి చెప్పాడు, లారీలో ఊగిన కండక్టరు సంగతి చెప్పాడు, డగ్గన్ పెట్టె మీద కూర్చున్న సంగతి చెప్పాడు. రెండు రైళ్లు తప్పిపోయాయి. మూడోదానికి ఆవిడే తరిమింది. "ఈసారి మీ ఆవిణ్ణీ పాపనీ తీసుకురా. వేడివేడిగా పెడతాను," అంది.

తీసుకెళ్లాడు. ప్రతి వేసవిలోనూ ఒకసారి వెళ్లారు. యార్క్‌లో మళ్లీ పని దొరికింది. మొదట బాంబులు పడ్డ ఇళ్ల మరమ్మతులు, తర్వాత కాగితం వచ్చాక కాగితం. డగ్గన్ డబ్లిన్ వైపు ఎక్కడో స్థిరపడ్డాడని విని ఒకసారి ఉత్తరం రాశాడు. క్రిస్‌మస్‌కు కార్డు వచ్చింది. దాని వెనక 'ప్రశ్నలు తగ్గాయా?' అని ఉంది.

1951లో హల్‌లో ఒక చిన్న హాలువాళ్లు ఆదివారం మధ్యాహ్నం ఆటగా ఆ సినిమా మళ్లీ వేశారు. మిసెస్ హోయిల్ నాలుగు టిక్కెట్లు ముందే తీసి పెట్టింది. జీన్‌కు అప్పటికి పదహారేళ్లు. మైదానం రాగానే సెత్ తెర వంక చూశాడు. తనను తాను చూసుకోవడం అదే మొదటిసారి. ఇటలీలో ఉండగా ఎక్కడో గుడారంలో వేశారు గానీ ఆ రోజు అతను కాపలాలో ఉన్నాడు. వెనక వరసలో ఎవరో ఒరిగిపోతూ వస్తున్నాడు, పక్కన గుండ్రటి మొహం తలెత్తి నవ్వింది, అంతే, అయిపోయింది. చూసినంతలో చూశాడు. పక్కకు తిరిగితే మిసెస్ హోయిల్ తెరవైపు చూడటమే లేదు. కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, హాల్లో జనం మొహాలు వరసవరసగా చూస్తోంది.

"ఏం చూస్తున్నారమ్మా?" అని గుసగుసగా అడిగాడు.

"నవ్వుతున్నారా లేదా అని."

"నవ్వారా?"

"అందరూ నవ్వారు," అంది ఆవిడ మళ్లీ ముందుకు తిరుగుతూ. "ఆ చివర టోపీ పెట్టుకున్నాయన తప్ప. ఆయన నిద్రపోతున్నాడులే."